యుద్ధానికెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లతో మా ఊళ్ళో రాయి పెడుతున్నాం. పాత తారీఖులు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: వంశధార ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర, వంశధార ఒడ్డున చిన్న ఊరు. నేను విజయనగరంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పండగలకీ కోతలకీ ఊరెళ్తుంటాను. మొన్న సంక్రాంతికి మా వీధి కుర్రాళ్ళు కూర్చుని ఒక మాట అనుకున్నారు. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు మిలటరీలోనే ఉన్నారు, సెలవు మీద వచ్చారు. మన ఊరినుంచి యుద్ధాలకెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లతో రాయి నిలబెడదాం అన్నారు. చందాలు మొదలయ్యాయి. పేర్లు రాసే పని నాకు అప్పజెప్పారు.

పంచాయితీ ఆఫీసు ముందు ఇప్పటికే ఒక శిలాఫలకం ఉంది. 2023 ఆగస్టులో దేశమంతా ఊరూరా వీరుల పేర్లతో పెట్టారు కదా, అదే. దాని మీద మా ఊరివాళ్ళది ఒక్క పేరే ఉంది, 1971 యుద్ధంలో పోయినాయనది. ఆయన పేరు ఉండడం మాకు గర్వమే. కానీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఇంకో ముగ్గురి పేర్లు చెప్తారు. వాళ్ళు ముగ్గురూ అంతకు ముందటివాళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం నాటివాళ్ళు. వాళ్ళ కోసమే ఇక్కడ అడుగుతున్నాను.

మొదటాయన మా ఇంటి మనిషే. మా తాత తమ్ముడు, నాకు చిన్నతాత. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాడు. మా మామ్మ మాటల్లో చెప్పాలంటే, "ఇసాపట్నంల బాంబులడ్డ మరుసటేడు మిలట్రీకి ఎల్లిపోనాడు." విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. అంటే 1943 అనుకోవాలి. అప్పటికి పెళ్ళి కాలేదు, మీసాలు కూడా సరిగ్గా రాలేదట. నెలనెలా మనియార్డరు వచ్చేది. కొన్నాళ్ళకి ఆగిపోయింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు, లేదా వచ్చిన కాగితాన్ని చదివి చెప్పినవాళ్ళు లేరు.

ఆ మనియార్డరు కూపన్ ఒకటి మా ట్రంకుపెట్టెలో ఉంది. అరచెయ్యంత కాగితం. మడత దగ్గర చిరిగిపోతే ఎవరో అన్నం మెతుకుతో వేరే కాగితానికి అంటించారు. వెనకవైపు నాలుగు ముక్కలు తెలుగులో ఉన్నాయి. చిన్నతాతకి రాయడం రాదు, పక్కవాడెవరో రాసిపెట్టి ఉంటాడు. "నేను కులాసా. ఎర్ర ఎద్దుకి గాలికుంటు తగ్గిందా లేదా తెలియజేయండి." అంతే. ముందువైపు గుండ్రటి ముద్రలో ఎఫ్.పి.ఓ. (మిలటరీ పోస్టాఫీసు) అని ఒక నంబరు, పక్కన చేత్తో రాసిన ఇంకో పెద్ద నంబరు. ఆ పెద్ద నంబరులో చివరి అంకెలు, మెతుకు అంటించిన చోట పోయాయి.

మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. చనిపోయిన పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, వండినవన్నీ విస్తట్లో పెట్టి దండం పెట్టుకుంటాం. మా తాత వాళ్ళమ్మ చాలా ఏళ్ళు చిన్నకొడుక్కి బట్ట పెట్టనివ్వలేదట. కొత్తకోడలిగా మా మామ్మ ఒకసారి, "సిన్నోడికి కూడా పెడదామా అత్తా" అని నోరు జారితే, "నా గుంటడు పెద్దల్లో కలిసిపోడం ఏటి? ఆడికేటి వొయిసు?" అని విస్తరి ముందు నుంచి లేచిపోయిందట. పన్నెండేళ్ళు గడిచాక ఒక సంక్రాంతికి ఎవరికీ చెప్పకుండా తనే సంతకెళ్ళి ఎర్రగళ్ళ తువ్వాలు కొనుక్కొచ్చి, మిగతా బట్టల చివర పెట్టింది. పంచె కాదు, తువ్వాలు. అప్పటినుంచి మా ఇంట్లో ఏటా ఒక తువ్వాలు ఉంటుంది. ఆవిడ తర్వాత మా మామ్మ పెట్టింది, మా అమ్మ పెట్టింది, ఇప్పుడు నేను పెడుతున్నాను. ఆయనెప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో మాకు తెలీదు. అందరు పెద్దలకీ తిథులున్నాయి, ఈయనకి తువ్వాలే ఉంది. రాయి మీద పేరు పక్కన తారీఖు వెయ్యాలని నా కోరిక.

రెండోవారు ఊరికి దక్షిణాన ఉన్న పేట మనిషి. ఆయన్ని మిలటరీవాళ్ళే తీసుకెళ్ళారు, కానీ తుపాకీ పట్టలేదు, రోడ్లు వేసే పని. "మనీపూర్ రోడ్డు" అన్న మాట ఒక్కటే ఆ ఇంట్లో మిగిలింది. ఆయన పేరు రాద్దామంటే కమిటీలో ఇద్దరు పెద్దమనుషులు అడ్డం చెప్పారు. "కూలికెళ్ళాడు గానీ యుద్ధానికెళ్ళాడా" అన్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంది, జవాబు మాత్రం దొరకలేదు.

మూడోవారు బర్మాలోని రంగం (రంగూన్, ఇప్పటి యాంగోన్) వెళ్ళినాయన. రంగంలో రేవులో పని చేసేవాడు. 1942లో జపానువాళ్ళు వస్తున్నారని జనమంతా కాలినడకన బయల్దేరినప్పుడు వీళ్ళూ బయల్దేరారు. ఆయన భార్యా కూతురూ ఊరు చేరారు, ఆయన కొండల్లోనే ఆగిపోయాడు. ఈయన ఏ దళంలోనూ లేడు. ఈయన పేరు రాయాలా వద్దా?

ఎవరిని అడగాలి, ఏ కాగితాల్లో వెతకాలి? తెలిసినవాళ్ళు చెప్పండి. ఊళ్ళో అప్పటివాళ్ళు ఇక ఎవరూ లేరు. మా నాన్నకి 78 ఏళ్ళు, ఆయనా చిన్నతాతని చూడలేదు.

జవాబు: పాత కాగితాల మాస్టారు, శ్రీకాకుళం

అమ్మా, మీ కూపన్ సంగతి చదివి ముందుగా ఒకటి చెప్పాలనిపించింది. దాన్ని ఇక మడవకండి, ప్లాస్టిక్ అంటించకండి. రెండువైపులా ఎండ వెలుగులో ఫోటో తీసి, కాగితాన్ని పుస్తకంలో పరిచి పెట్టండి. అసలు కాగితాన్ని ఏ ఆఫీసుకీ పంపకండి, నకలే పంపండి.

ఇక వెతకడం. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన మనవాళ్ళ లెక్క కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉంటుంది. 1917లో పుట్టిన సంస్థ. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సేవలో ఉండి పోయినవాళ్ళని వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు. పేర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పేరు, నంబరు, దళం, పోయిన తారీఖు, ఏ స్మారకం మీద పేరుందో ఉంటాయి. అదృష్టం ఉంటే ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు అని కూడా ఉంటుంది.

మనవాళ్ళు వెతికి వెతికి దొరకలేదని వదిలేసేది ఎక్కువగా జిల్లా పేరు దగ్గర. శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం అంటే "చికాకోల్". శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం విడిపోయేదాకా మీ నరసన్నపేట గంజాం జిల్లాలో ఉండేది, ఆ తర్వాత "విజగపటం" జిల్లాలోకి వచ్చింది. కాబట్టి మొదటి యుద్ధం మనిషైతే గంజాం అనీ, రెండో యుద్ధం మనిషైతే విజగపటం అనీ వెతకాలి. పాత ఇంగ్లీషు స్పెల్లింగుతోనే కొట్టండి, ఇప్పటి విశాఖపట్నం స్పెల్లింగు పనికిరాదు.

పేరు విషయం ఇంకా కష్టం. భర్తీ చేసుకున్న గుమాస్తాకి మన మాట రాదు, విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఇంటిపేరు చాలామందికి రాయనేలేదు. అప్పన్న పేరుకి ఒక పకారంతో, రెండింటితో, చివర నకారం ఒకటో రెండో, ఆఖర్న "స్వామి" తోకతో, తోక లేకుండా, ఇలా ఆరేడు రకాలుగా కొట్టి చూడండి. ఊరి పేరు కూడా అంతే. మా మేనమామ ఊరి పేరు నాకు దొరికినప్పుడు సగమే ఉంది. పైకి చదివితే గానీ అది మన ఊరని తట్టలేదు.

బర్మా వైపు పోయి, సమాధి తెలియనివాళ్ళ పేర్లు రంగం స్మారకం మీద ఉన్నాయి. యాంగోన్‌కి ఉత్తరాన టౌక్యాన్ అనే చోట, యుద్ధ శ్మశానం మధ్యలో పెద్ద రాతి స్తంభాల వరస అది. దాదాపు 27,000 పేర్లు. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లకి ఇంఫాల్‌లో ఒకటి, కొహిమాలో ఒకటి, టౌక్యాన్‌లోనే ఒకటి వేరువేరు స్మారకాలున్నాయి. సింగపూరు వైపు వెళ్ళి ఉంటే క్రాంజిలో చూడాలి. మీవాడు 1943లో వెళ్ళాడంటున్నారు కాబట్టి ముందు రంగం, ఇంఫాల్, కొహిమా చూడండి.

మొదటి యుద్ధం గురించి ఇంకెవరైనా ఈ జవాబు చదువుతారేమోనని ఒక మాట. ఇరాక్‌లోని బాస్రా స్మారకం మీద అప్పట్లో మన భారతీయ అధికారుల పేర్లు మాత్రమే చెక్కారు. సిపాయిలకి దళం పేరు కింద ఎంతమందో అంకె వేసి ఊరుకున్నారు. అలాంటి వివక్ష జరిగిందని 2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పింది. మన ఊళ్ళల్లో ఎవరి ఇంట్లోనైనా రాగిరంగు యుద్ధ పతకం ఉంటే తేలిగ్గా తీసుకోకండి. వెండిది సైనికులకిస్తే, ఆ కంచుది కూలిదళాల వాళ్ళకి ఇచ్చారు. అంచు చుట్టూ చూస్తే నంబరు, పేరు చెక్కి ఉంటాయి.

పేట మనిషి మాట కూడా ఇక్కడే తేలుతుంది. రోడ్లు వేసిన పయనీర్ కోర్ సైన్యంలో భాగమే. నంబరు, యూనిఫారం, జీతం, శిక్షలు అన్నీ సైనికుడివే. "మనీపూర్ రోడ్డు" అనేది నిజంగా ఒక స్టేషను పేరు. దిమాపూర్ రైల్వే స్టేషన్ని అప్పుడు అలా పిలిచేవారు. ఇంఫాల్, కొహిమాలకి వెళ్ళే సరుకంతా అక్కడ దిగేది. ఆ ఇంట్లో ఆ మాట ఎనభై ఏళ్ళు నిలిచిందంటే ఆయన అక్కడున్నట్టే. ఆయన పేరూ వెతకండి.

వంశధార ఆడపడుచు

మాస్టారూ, చేతులెత్తి దండం పెడుతున్నాను. చికాకోల్ అన్న మాట నాకు తెలుసు, కానీ అలా వెతకాలని ఎప్పుడూ తట్టలేదు. ఆదివారం కూర్చుంటాను.

జవాబు: మాజీ హవల్దార్, బొబ్బిలి

చెల్లెమ్మా, నేను ఇరవై రెండేళ్ళు ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే సర్వీస్ కోర్‌లో చేసి వచ్చాను. లారీ డ్రైవర్ని. 1999 జూన్‌లో కార్గిల్ యుద్ధమప్పుడు శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు మీద ద్రాస్ దగ్గర రేషనూ మందుగుండూ తోలాను. తోలోలింగ్ కొండ మనవాళ్ళ చేతికి రాకముందు ఆ రోడ్డంతా పైనుంచి పాకిస్తాన్‌వాళ్ళకి కనిపించేది. హెడ్‌లైట్లు ఆర్పుకుని, ముందు బండి వెనక తెల్లరంగు పూసిన ముద్ద ఒకటి చూసుకుంటూ రాత్రిళ్ళు నడిపాం. మా వెనక రెండో బండి మీద షెల్ పడింది. అందులో ఉన్నవాడు చీపురుపల్లి సంతలో బెల్లం దుకాణం పెడతానని నాతో అంతకు ముందురోజే చెప్పాడు. వాడి చేతిలో స్టీరింగే ఉంది, తుపాకీ లేదు. మీ కమిటీ పెద్దలకి నా మాటగా చెప్పండి, రోడ్డు వేసినవాడు సైనికుడు కాకపోతే ఆ రోడ్డు మీద బండి తోలిన మేమూ కాము. పయనీర్ కోర్ ఇప్పటికీ మన సైన్యంలో ఉంది, వాళ్ళ ట్రైనింగ్ సెంటర్ బెంగళూరులో.

ఇంకో అడ్డు కూడా రావచ్చు, ముందే చెప్తున్నాను. "జ్వరమొచ్చి పోయాడట, గుండు తగిలి కాదు" అంటారు. బర్మా అడవుల్లో గాయాల కన్నా మలేరియా, విరేచనాలు ఎక్కువమందిని పడగొట్టాయి. డ్యూటీలో ఉండి రోగంతో పోయినా ఆ కమిషన్ రికార్డులో పేరు ఎక్కింది. రాయి మీద ఎందుకు ఎక్కకూడదు?

మీ 1971 ఆయన సంగతి. శిలాఫలకం మీద పేరొక్కటే ఉందంటే చాలదు. నంబరు, ర్యాంకు, యూనిట్ సరిచూసుకుని రాయండి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద ఒక్కో గ్రానైటు ఇటుకకి ఒక్కో పేరు చెక్కారు, పాతికవేలు దాటాయి. స్వాతంత్య్రం వచ్చాక పోయినవాళ్ళవే అవన్నీ. అందుకే మీ ముగ్గురూ అక్కడ కనిపించరు. ఇంటర్నెట్‌లో కూడా పేరు కొట్టి చూడొచ్చు. ఆయన ఇంట్లోవాళ్ళ దగ్గర పెన్షన్ కాగితం ఉంటే దాని మీద అన్నీ ఉంటాయి. లేకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అక్కడా దొరక్కపోతే ఆ దళం రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాయాలి. మద్రాసు రెజిమెంటుకి నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లకి (సైన్యం ఇంజనీర్లకి) బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్, బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈకి సికిందరాబాదు. ఉత్తరంలో నంబరు లేకపోతే జవాబు రావడం కష్టం, కాబట్టి కూపన్ మీది నంబరులో కనిపించినంత రాసి, మిగతాది చెరిగిపోయిందని రాయండి.

రాయి ప్రారంభానికి ఆ పేర్లున్నవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళని పిలవండి. స్టేజీ మీదకి కాదు, రాయి దగ్గరికి. ఆ మొదటి దండ వాళ్ళ చేత వేయించండి. ఎమ్మెల్యేగారు తర్వాత వెయ్యొచ్చు.

జవాబు: పలాస నుంచి

రంగం ఆయన పేరు రాయకూడదని నా అభిప్రాయం. మా ముత్తాత కూడా ఆ నడకలోనే పోయాడు, కాబట్టి బాధ తెలియక అనడం లేదు. ఆ ఏడాది నాలుగు లక్షలమందికి పైగా మనవాళ్ళు బర్మా వదిలి వచ్చారు, దారిలో పోయినవాళ్ళకి లెక్కే లేదు. వాళ్ళకి వేరే గుర్తు ఉండాలి. సైనికుల రాయి మీద కలిపితే రేపు ఎవరి పేరు కలపాలి, ఎవరిది వద్దు అన్న గొడవ మొదలవుతుంది. ఆలోచించండి.

జవాబు: చీపురుపల్లి దగ్గర పల్లె, ఒక చెల్లెలు

నేను ఎక్కువ చదువుకోలేదు, మా మనవరాలు టైపు చేస్తోంది. మా అన్నయ్య నేవీలో ఉండేవాడు. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర సముద్రంలో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. అందులో మా అన్నయ్య ఒకడు. టీచరమ్మా, మీకు తారీఖు లేదన్నారు. మాకు తారీఖు ఉంది, ఇంకేమీ లేదు. చితికి పెట్టడానికి మా అమ్మ ఆయన చిన్నప్పటి చొక్కా ఇచ్చింది.

మా ఊళ్ళో కూడా రాయి పెట్టారు. పెట్టినవాళ్ళు మంచివాళ్ళే, కానీ కొన్ని తప్పులు జరిగాయి, మీకు జరగకూడదని చెప్తున్నాను. అక్షరాలు చెక్కకుండా బంగారు రంగుతో రాయించారు. మూడు వానలకి పోయింది. నాలుగో ఏడు దసరాకి మా తమ్ముడు స్కూలు పిల్లలు వాడే రంగుతో దిద్దాడు, వొంకర వచ్చింది. టెక్కలి నీలి గ్రానైటు మీ దగ్గర్లోనే దొరుకుతుంది, అది తీసుకోండి. పాలిషు పెట్టిన ముఖం మీద లోతుగా చెక్కించండి. రంగు పోయినా చేత్తో తడిమితే అక్షరం తగలాలి. మా అమ్మకి చివర్లో కళ్ళు కనపడలేదు. ఆవిడ వేలు పెట్టి వెతికేది, ఏమీ తగిలేది కాదు.

చెక్కే ముందు కాగితం మీద రాసి ఆ ఇంటివాళ్ళ చేత చదివించండి. మా అన్నయ్య పేరులో దీర్ఘం పోయింది. మళ్ళీ చెక్కడం కుదరదన్నారు. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది, నేను చూసినప్పుడల్లా దీర్ఘం పెట్టుకుని చదువుకుంటాను.

పంచాయితీ ఆఫీసు ముందు పెట్టకండి. అక్కడికి మగవాళ్ళు పని ఉంటేనే వెళ్తారు, ఆడవాళ్ళు అసలు వెళ్ళరు. బడి ముందో, మంచినీళ్ళ కుళాయి దగ్గరో పెట్టండి. కింద జాగా వదలండి, ఇప్పుడు మిలటరీలో ఉన్న పిల్లల పేర్లు అందులో పడకూడదని దేవుడికి దండం పెట్టుకుంటూనే వదలండి.

రంగం ఆయన గురించి. పలాస బాబు చెప్పింది న్యాయంగానే ఉంది, అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. రాయికి రెండో వైపు కూడా ఉంటుంది కదా.

వంశధార ఆడపడుచు, అయిదు వారాల తర్వాత

అందరికీ జరిగింది చెప్పాలి.

మొదటి ఆదివారం రాత్రి పదకొండున్నరకి దొరికింది. మా చిన్నతాత కాదు, పేటాయన. పేరు ఒక్క ముక్కే ఉంది, ఇంటిపేరు లేదు. తండ్రి పేరు ఉంది. మా ఊరి పేరులో మధ్య అక్షరం ఎగిరిపోయింది, కానీ పక్కన నరసన్నపేట, విజగపటం అని ఉన్నాయి. పయనీర్ కోర్. 1944 జూన్ నెలలో తారీఖు. రంగం స్మారకం. ఆ నెల గురించి చదివాను. కొహిమా, ఇంఫాల్ రోడ్డు జూన్ 22న మళ్ళీ తెరుచుకుందట. ఆ రోడ్డు కోసమే పని చేస్తూ పోయాడేమో అనిపించింది. అది నా ఊహే, రాయి మీదకి రాదు.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఊరెళ్ళాను. ఆ కాగితం ప్రింటు తీసుకుని ముందు కమిటీ దగ్గరికి వెళ్ళలేదు, నేరుగా పేటకి వెళ్ళాను. ఆయన మనవడు తాపీ మేస్త్రి, యాభై దాటాయి. గోడ పని మధ్యలో ఉన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. తెలుగులో చదివి చెప్పాను. పేరు, నంబరు, తారీఖు విన్నాడు. తండ్రి పేరు దగ్గర ఆపి, "ఇంకోపాలి సదవండమ్మా" అన్నాడు. చదివాను. "అది మా తాత అయ్య పేరే. మా నాన్నకి ఆ పేరే పెట్టినారు" అన్నాడు. ఆ కాగితాన్ని పట్టుకోవడానికి చొక్కాకి చేతులు రెండోసారి తుడుచుకున్నాడు. లోపల్నుంచి వాళ్ళ అమ్మాయి వచ్చి తలుపు పక్క గోడ కేలండర్‌లో జూన్ పేజీ తిప్పి ఆ తారీఖు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసింది. మా ఇంట్లో మూడు తరాలు కోరుకున్నది ఆ ఇంటికి దొరికింది. సంతోషంతో నాకు గొంతు పట్టేసింది.

కమిటీలో ఆ ఇద్దరు పెద్దలూ కాగితం చూశారు. హవల్దార్ అన్నయ్య మాట కూడా చదివి వినిపించాను. ఒకాయన ఏమీ అనలేదు. రెండోఆయన, "మరి పేరు ముందు ఏటి రాయాల?" అని అడిగాడు. అందరికీ రాసినట్టే, అన్నాను.

చిన్నతాత పేరుతో రెండు దొరికాయి. ఒకటి మద్రాసు రెజిమెంటు, ఒకటి సర్వీస్ కోర్. రెండింటికీ తండ్రి పేరు లేదు, ఊరు లేదు. కూపన్ మీద మిగిలిన అంకెలు రెండింటితోనూ కలవలేదు. మాస్టారు చెప్పిన స్పెల్లింగులు పదకొండు కొట్టాను, ఇంకా కొడుతున్నాను. వెల్లింగ్టన్‌కీ బెంగళూరుకీ ఉత్తరాలు రాశాను. ఎవరిదో తారీఖు తెచ్చి మా చిన్నతాతకి అంటించలేను. ఆ రెండు పేజీలవాళ్ళకీ ఎక్కడో ఒక ఇల్లు ఉంటుంది, వాళ్ళు వెతుక్కుంటూ ఉండొచ్చు. అందుకే రాయి మీద ఆయన పేరు పక్కన తారీఖు పట్టేంత జాగా ఖాళీగా వదిలి చెక్కించమన్నాను. నాన్న ఒప్పుకున్నారు. ఈలోపు సంక్రాంతి వస్తే తువ్వాలు ఎలాగూ పెడతాం.

రంగం ఆయన పేరు రాయికి రెండోవైపు ఉంటుంది. చీపురుపల్లి అమ్మ చెప్పిన మాటకే అందరూ తలూపారు. పలాస అన్నయ్యా, మీ ముత్తాతగారి ఊరివాళ్ళు కూడా అలా ఆలోచిస్తారేమో అడగండి.

రాయి టెక్కలిలో చెప్పాం, అక్షరం లోతు మేమే చూసుకుంటాం. బడి గేటు పక్కన పెడుతున్నాం. దిమ్మ కట్టే పని మేస్త్రిగారే చేస్తానన్నారు, కూలి వద్దన్నారు. కూలి ఇచ్చి తీరాలని కుర్రాళ్ళు పట్టుబట్టారు, ఇంకా తేలలేదు. శుక్రవారం పునాది తవ్వుతున్నారు. పేర్లు రాసిన కాగితం నాలుగిళ్ళకీ పంపాను. మూడిళ్ళ నుంచి వచ్చింది, ఒకరు దీర్ఘం దిద్దారు.